ఎర్ర వైరు మీద బొట్టు

గోరీ తన బావ సోమయ్య ముందు నిలబడి "సరే" అన్న దగ్గర కిందటి వారం కథ ఆగింది. ఆ సరే దేనికో ఒక్కసారి తలుచుకుందాం.

గార్ల దగ్గరి వాళ్ల తండాలో దీపావళి నాడు ఇంటి ముందు నిప్పులు పోసి, నెయ్యీ తీపి అన్నమూ అందులో వేస్తూ, చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా పలుకుతారు. ఈసారి ఆ పేర్లలో గోరీ భర్త చాంద్యా పేరు చేరాలి. మొన్నటి ఎండాకాలంలో చాంద్యా భూపాలపల్లిలో కిరాయి దింపి వస్తూ, గంగారం అడవి దారిలో చెట్టు నీడకు బండి ఆపి, పాటలు పెట్టుకుని పడుకున్నాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే బండితో పాటు కాలిపోయాడు. సీటు కింద పగిలిన మందు సీసా దొరికింది. తాగి, బీడీ ముట్టించుకుని నిద్రపోయాడని తండా అంతా అంది. ఆ సీసా దిగిపోయిన కిరాయివాళ్లదని గోరీ ఒక్కతే అంది. కొడుకు జైపాల్ కూడా తండా మాటే నమ్మాడు. అప్పటి నుంచి వాడు తండ్రి పేరెత్తలేదు.

"తాగి రోడ్డు మీద సచ్చినోని పేరు నేను నిప్పుల ముందర పలకను," అన్నాడు సోమయ్య. "పాటల డబ్బాతోనే బండి కాలిందంటవు గదా. పని తెలిసిన మనిషి ఒక్కడు ఆ మాట అననీ. నా తమ్ముని పేరు అందరికంటె ముందుగాల నేనే పలుకుత. అనకపోతే ఇగ ఆ ముచ్చట తియ్యకు."

గోరీ సరే అంది.

జైపాల్ ఆ వారమే ఒక పాత బండి కొన్నాడు. ఏడుగురు పట్టే బండి. పాటలు లేకపోతే కాళేశ్వరం పోయేవాళ్లు ఎక్కరని, మంచి డెక్కూ స్పీకర్లూ పెట్టించాలని పట్టుబట్టాడు. "పెట్టించు. కానీ బిగించేటోడు నమ్మకస్తుడు కావాలె. నేను సూసినంకనే," అంది గోరీ. ఆ మనిషి దొరికితే సోమయ్య అడిగిన మాట కూడా ఆయన నోటనే తెలుసుకోవచ్చని ఆమె ఆశ.

మొదట మానుకోట వెళ్లారు. మహబూబాబాద్‌ను ఆ వైపు అందరూ అట్లాగే అంటారు. బజారులో అద్దాల తలుపులున్న దుకాణం, యజమాని పేరు సత్యం. లోపల సీటు కవర్లు, రంగు లైట్లు, గోడ నిండా స్పీకర్లు. సత్యం మర్యాదగా కుర్చీ వేయించాడు. తయారై ఉన్న ఒక బండిలో పాట పెట్టి వినిపించాడు. గోరీ చెవుల కమ్మలు ఊగాయి.

"ఎట్లుందవ్వా?"

"గది సరే సేటూ. ఎన్కవైపు సూపియ్యి."

"ఎన్క ఏముంటది? వైర్లుంటయి."

"గవ్వే సూపియ్యి."

సత్యం పకపకా నవ్వాడు. "పెండ్లి సూపులకు పోయి పిల్ల ఈపు సూపియ్యమంటరా అవ్వా?" అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

"మేం రైకల మీద అద్దాలు కుడ్తం సేటూ," అంది గోరీ. "కొనేటోళ్లు ముందర మెరుపు సూస్తరు. కుట్టేటోళ్లు తిరగేసి సూస్తరు. ముడులు, తెగిన దారాలు, అన్ని ఆడనే దాక్కుంటయి."

"యాడీ, జర ఊకో," అన్నాడు జైపాల్ తల్లితో, తలకాయ కిందికేసి. తండాలో అమ్మను యాడీ అంటారు.

పక్కన తన బండి కోసం కూర్చున్న ఒక డ్రైవరు కల్పించుకున్నాడు. "తిరగేసి సూపెట్టేటోడే కావాల్నంటే జనగామల శామ్యూల్ ఉన్నడవ్వా. కానీ నోరు మంచిది కాదు. ఏది వద్దో అది పెట్టనని మొఖం మీదనే చెప్తడు. వచ్చిన గిరాకిని తిట్టి పంపుతడు."

"గట్లాంటోడే కావాలె," అంది గోరీ.

మరునాడు జనగామ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. శామ్యూల్‌ది అద్దాల దుకాణం కాదు. సూర్యాపేట రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆయన సద్ది గిన్నె ముందు పెట్టుకుని తింటున్నాడు. మెడలో తాడుకు కళ్లద్దాలు వేలాడుతున్నాయి. గోరీ మానుకోటలో అడిగిందే అడిగింది. శామ్యూల్ నమలడం ఆపి ఆమె వైపు చూశాడు.

"నిన్ను ఎవరు తోలిన్రమ్మా? నన్ను పరేషాన్ చేసేటందుకు?"

"ఎవరు తోల్తే ఏంది? సూపిస్తవా సూపియ్యవా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. షెడ్డులో ఉన్న ఒక బండి దగ్గరకు తీసుకుపోయి, బిగించిన డెక్కును బయటికి లాగి తిప్పి పట్టాడు. వెనక వైర్లు పాయలు తీసి జడ అల్లినట్టున్నాయి. గుడ్డ టేపు చుట్టు మీద చుట్టు ఒకే తీరుగా పడింది. గోరీ వేలు పెట్టి కింది నుంచి పైదాకా తడిమింది. ఎక్కడా ముడి తగల్లేదు.

"ఇదీ కుట్టంటే," అంది.

శామ్యూల్ మొదటిసారి నవ్వాడు. "నా ఇంటామె కూడ ఎన్నడు గింత సక్కగ సూడలే నా పని. ఏది, మీ బండి లోపటికి తెండ్రి."

జైపాల్ బండి తెచ్చాడు. శామ్యూల్ డెక్కు జోలికి పోలేదు, స్పీకర్ల జోలికి పోలేదు. ముందు కళ్లద్దాలు పెట్టుకుని బానెట్ ఎత్తాడు. ఆ మూల చీకటిగా ఉందని జైపాల్‌ను ఫోను లైటు పట్టుకోమన్నాడు. సంచిలోంచి లావుపాటి ఎర్ర వైరూ, పైన అద్దం మూత ఉన్న ఒక చిన్న డబ్బా తీశాడు.

"అందరు పాట వినిపిచ్చి మొదలువెడ్తరు. నేను గీడికెళ్లి మొదలువెడ్త," అన్నాడు. "గిది ఫ్యూజు డబ్బా. బ్యాటరీని ఆనుకొనే ఉండాలె. ఎందుకంటే, గీ ఎర్ర వైరు ఇంజనుకు సీట్లకు నడుమ ఉన్న గా ఇనుప గోడ బొక్కలకెళ్లి లోపటికి పోవాలె. బండి ఊగినప్పుడల్ల ఆ అంచుకు రాసుకుంటది. ఏదో ఒకనాడు పైతోలు తెగి ఇనుముకు తాకుతది. ఫ్యూజు ఉంటే, అది కాలిపోయి ఆడికాడికే కరెంటును తెంపుతది. లేకపోతే వైరే కాలుతది. దానెన్క బండి."

గోరీ కొంచెం ముందుకు జరిగింది.

"బండి ఆగి ఉన్నా కాలుతదా?"

"బ్యాటరీ ఆగదు గదమ్మా."

"లోపట మనిషి పండుకొని ఉంటే?"

"ముందుగాల పొగ వస్తది. నిద్రల ఉన్నోనికి పొగ తెల్వది. తెలిసి లేచినా తలుపుల లాకులు పని చెయ్యకపోవచ్చు." చెప్తూ చెప్తూ శామ్యూల్ ఆగాడు. కళ్లద్దాలు తీసి ఆమె ముఖం చూశాడు. "ఎవరికైందమ్మా?"

"మా ఇంటాయనకు. తాగి పండుకున్నడని తండంత అంటది."

ఆయన చేతిలోని వైరు పక్కన పెట్టాడు. మెల్లగా అడిగాడు. "మరి ఆ బండికి గీ డబ్బా ఉండెనా?"

గోరీ కళ్లు మూసుకుంది.

కిందటేడు దసరా అది. పండుగ ముందు రోజే తండ్రి బండికి జైపాల్ పాటల డబ్బా పెట్టించుకొచ్చాడు. మానుకోట దుకాణంలో బిగించారని చెప్పాడు. చాంద్యా ఎంత మురిసిపోయాడో. తండాలో కనిపించిన ప్రతివాణ్నీ పిలిచి, బండిలో కూర్చోబెట్టి, "నా కొడుకు పెట్టిచ్చిండు," అని తమ తండా మాటలోని పాటలు వినిపించాడు. పొద్దున బండి పూజకు బానెట్ ఎత్తి ఇచ్చాడు. గోరీ ఏటా చేసినట్టే లోపల ఉన్న ప్రతి వస్తువుకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. నీళ్ల డబ్బాకు, నూనె మూతకు, బ్యాటరీకి. కొత్తగా వచ్చింది ఎర్ర వైరు. కొత్త దానికి తప్పకుండా పెట్టాలని, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వైరు వెంట పసుపు వేలితో రాసుకుంటూ ఇనుప గోడ దాకా పోయింది. బొట్టు నిలిచే చదునైన చోటు దొరకలేదు. వైరు మీదనే పెడితే కుంకుమ జారి కింద రాలింది. "వైరుకు కూడ బొట్టేందే పిచ్చిదానా," అని చాంద్యా నవ్వాడు.

"లేదు," అంది గోరీ కళ్లు తెరిచి. "గా డబ్బా లేకుండె."

"ఎన్నటి ముచ్చటనో. ఖరారుగ ఎట్ల చెప్తవమ్మా?"

"ఉంటే దాని మీద బొట్టు పెట్టేదాన్ని గద."

శామ్యూల్ గొంతు లేచింది. "ఎవడమ్మా బిగించింది? ఉంటరు గట్లాంటోళ్లు. డబ్బా పెడ్తరు. ఫ్యూజు కాలుతది. ఇంకోటి పెడ్తరు, గదీ కాలుతది. ఎందుకు కాలుతుందో సూడరు. ఇసుగొచ్చి డబ్బానే పీకేసి వైరుకు వైరు కలిపేస్తరు. పాట వచ్చిందా, అయిపాయె! వాని పేరు చెప్పు. తాగుడు లేదు, ఏం లేదు, బండి గిందుకే కాలి ఉంటదని నువ్వు యాడికి రమ్మంటె ఆడికొచ్చి చెప్త."

సోమయ్య అడిగిన మాట అదే. ఇన్ని నెలలుగా గోరీ వెతుకుతున్న మాట అదే. గుండె మీద నుంచి బండరాయి ఎవరో లేపినట్టయింది. రేపు దీపావళి నిప్పుల ముందు చాంద్యా పేరు పలుకుతారు. ఆ సంతోషం చెప్పుకోవడానికి కొడుకు వైపు తిరిగింది.

ఫోను లైటు బ్యాటరీ మీద లేదు. నేల మీద, వాడి చెప్పుల దగ్గర పడుతోంది. వాడు తల్లిని చూడకుండా ఆ చిన్న డబ్బానే చూస్తున్నాడు.

మానుకోటలో ఏ దుకాణమో వాడు ఎన్నడూ చెప్పలేదు. గోరీ ఎన్నడూ అడగలేదు. ఆ దసరా ముందు రోజు మధ్యాహ్నం నుంచి బండి మిథున్ ఇంటి వెనక ఉంది. మిథున్ వీడి చిన్ననాటి దోస్తు. ఇద్దరూ బండి కడుగుతున్నారనుకుంది. సాయంత్రం అన్నానికి వచ్చినప్పుడు వీడి వేళ్లకు నల్లటి జిగురు. సబ్బుతో పోకపోతే తనే కిరసనాయిలు గుడ్డ పెట్టి తుడిచింది.

"పేరు చెప్పమ్మా," అన్నాడు శామ్యూల్.

గోరీ కొంగు సర్దుకుంది.

"ఎవరో," అంది. "యాదికి లేదు."

శామ్యూల్ ఆమెను చూశాడు. జైపాల్‌ను చూశాడు. మళ్లీ అడగలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, ఎర్ర వైరు కొస ఒలవడం మొదలుపెట్టాడు. "లైటు ఆడ పెట్టిపో బాబూ. నేను సూసుకుంట," అని మాత్రం అన్నాడు, చాలా నెమ్మదిగా.

జైపాల్ రోడ్డు అంచుకు వెళ్లి నిలబడ్డాడు. ఎవరికో ఫోను చేశాడు. వాడి వీపు అదరడం షెడ్డులోకి కనిపిస్తోంది. మాట వినిపించలేదు. "మిథున్" అన్న పేరు ఒక్కటి గాలికి వచ్చింది.

పని అయ్యాక శామ్యూల్ బానెట్ కింద ఆ డబ్బాను గోరీకి చూపించాడు. వైరు పోయే బొక్క చుట్టూ రబ్బరు వేశాడు. అదీ చూపించాడు. "వినేటందుకు ఏ పాట పెట్టమంటవు?" అని అడిగి, ఆమె బానెట్ వైపే చూస్తుంటే రేడియో పెట్టాడు. ఎవరో పత్తి రైతులకు వాన కబురు చెప్తున్నారు. గొంతు స్పష్టంగా, పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంది. ఆయనే మళ్లీ బంద్ చేశాడు.

తిరుగు దారిలో తొర్రూరు దాటారు. అక్కడ పత్తి చేల పక్కన జైపాల్ బండి ఆపాడు. స్టీరింగు వదల్లేదు.

"రెండుమాట్లు కాలింది యాడీ," అన్నాడు. "ఇంకో ఫ్యూజు లేకుండె మా తాన. తెల్లారితే దసరా. బాపు బండి కాడికి వచ్చేసరికి పాట రావాలె అనుకున్న. డబ్బా తీసేసినం. వచ్చింది."

"దుకాణంల అని ఎందుకు చెప్పినవ్ రా?"

"మేం బిగించినమంటే బాపు పాట పెట్టనిస్తడా? భయపడుతడని." వాడు నుదురు స్టీరింగుకు ఆనించాడు. "తాగిండు, తాగిండని పెద్దబాపుతోని నేనే అన్న. అందరితోని అన్న. నువ్వు కాదంటె నీ మీదనే ఒర్లిన. నాకు తెల్వదు యాడీ. ఆ డబ్బా ఎందుకో నాకు నిజంగ తెల్వదు."

ఏ తల్లయినా అప్పుడు కొడుకును దగ్గరికి తీసుకుంటుంది. గోరీ చెయ్యి లేవలేదు. చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్లను చూస్తూ కూర్చుంది. చాంద్యా నవ్వు గుర్తొచ్చింది. వైరుకు కూడ బొట్టేందే పిచ్చిదానా. చాలాసేపటికి చెయ్యి దానంతటదే కదిలింది. కొంగుతో వాడి ముఖం తుడిచింది.

"ఇంటికి పోదాం పా," అంది. "ఆడ నువ్వు నోరు ఇప్పొద్దు. నా మీద ఒట్టు."

తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్త తుల్సీబాయి ఇంటి ముందు, రేపు నిప్పులు పోసే చోట పేడతో అలుకుతోంది. నడుము వంగిపోయినా ఆ పని ఆమె ఎవరికీ ఇవ్వదు. సోమయ్య నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బండి దిగుతుండగానే అడిగాడు.

"దొరికిండా మీ నమ్మకస్తుడు?"

"దొరికిండు బావా."

"అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు మరి?"

తుల్సీబాయి అలకడం ఆపింది కానీ తల ఎత్తలేదు. పేడ చెయ్యి నేల మీద అట్లాగే ఉంది. ఇన్ని నెలలూ ఆ ముసలామెను గోరీ మాట ఒక్కటే నిలబెట్టింది. "నా కోడలు తాగలే అంటే నా కొడుకు తాగలే," అని గడప గడపకూ చెప్పుకుని బతికింది.

"ఏం అనలే," అంది గోరీ.

"పాటల డబ్బాతోని కాలి ఉంటదని అనలే?"

"అనలే."

"అంటే?" సోమయ్య లేచి నిలబడ్డాడు. "నీ నోటితోని చెప్పు. రేపు అందరి ముందర మళ్ల మాట మార్చొద్దు. తాగిండా లేదా నా తమ్ముడు?"

వెనక జైపాల్ కదిలాడు. "పెద్దబాపూ..." అన్నాడు. గోరీ వెనక్కి చూడకుండానే వాడి మణికట్టు దొరకబుచ్చుకుని, గోళ్లు దిగేలా పట్టుకుంది.

"తాగిండు," అంది.

సోమయ్య ముఖంలో గెలుపు లేదు. ఆయనకూ వాడు తమ్ముడే. ఎక్కడో ఒక మూల ఆయన కూడా వేరే మాట వినాలనే ఎదురుచూశాడేమో. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇగ అయిపాయె," అని గొణిగి తన ఇంటి వైపు వెళ్లిపోయాడు.

గోరీ జైపాల్‌ను లోపలికి తోసింది. తర్వాత అత్త పక్కన కూలబడి, పేడ గంపలో చెయ్యి పెట్టబోయింది. తుల్సీబాయి ఆ చేతిని పక్కకు నెట్టింది.

"సోమయ్య రాకముందు మిథున్ వచ్చిండు," అంది ముసలామె, అలుకుతూనే. "జైపాల్ ఫోను చేసిండంట. వాడు వచ్చి గీడనే, నువ్వు కూసున్న కాడనే కూసొని ఏడ్చి పోయిండు."

గోరీ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "అత్తా..."

"అంతా చెప్పిండు. డబ్బా తీసేసిన ముచ్చట కూడ చెప్పిండు." తుల్సీబాయి అప్పుడు తల ఎత్తింది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. "నువ్వు ఏం చెప్తవో సూద్దామని ఊకున్న. నీ కొడుకును నువ్వు కాపాడుకున్నవ్ గోరీ. తల్లివి. నిన్ను తప్పు పట్ట."

అలికిన చోటును అరచేత్తో మరొక్కసారి చదును చేసింది.

"రేపు నిప్పుల ముందర నేను కూడ తల్లినే."